మందు, గంజాయి, మాత్రలు: విశాఖ ఇళ్లల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో ఏదీ నేను అల్లింది కాదు. గాజువాక, కంచరపాలెం, మధురవాడ, ఫిషింగ్ హార్బర్ పక్క వీధుల నుంచి కౌన్సెలింగ్‌కి వచ్చే భార్యలు, తల్లులు, అప్పుడప్పుడు తాగేవాళ్లే అడిగేవి. వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే ఉంచాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, అక్కడ తెలియక చేసిన పని ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి. మిగతావి రెండు ముక్కల్లో తేలిపోతాయి. మందుల పేర్లు రాసింది మీకు తెలియడానికి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవడానికి కాదు.

మా ఆయన రోజూ క్వార్టరే తాగుతాడండీ. ఎప్పుడూ తూలడు, గొడవ చేయడు. అది కూడా వ్యసనమేనా?

తూలకపోవడం గురించే ముందు ఆలోచించాలి. అలవాటు లేని మనిషి క్వార్టర్ తాగితే లేచి నిలబడలేడు. మీ ఆయన మామూలుగా అన్నం తిని, టీవీ చూసి పడుకుంటున్నాడంటే ఆయన మెదడు ఆ మోతాదుకి సర్దుకుపోయిందని అర్థం.

ఇక "క్వార్టరే" అన్న మాట. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. బరువు కడితే ఒక క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కేస్తుంది. అంటే మీ ఆయన రోజూ ఆరు డ్రింకులు తాగుతున్నాడు. లివర్ గంటకి 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేయగలదు. రాత్రి పదకొండుకి గ్లాసు కింద పెట్టిన మనిషి పొద్దున్న ఆరింటి షిఫ్టుకి బండి తీసే వేళకి ఇంకా ఒంట్లో మందు ఉండొచ్చు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే డ్రంకెన్ డ్రైవ్ కేసే. "రాత్రి తాగింది సార్" అంటే మిషన్ వినదు.

వ్యసనమా కాదా తేల్చుకోడానికి డాక్టర్లు మొదట అడిగే ప్రశ్నలు నాలుగు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? తాగుడు గురించి ఎవరైనా అంటే చిరాకొచ్చిందా? తాగినందుకు తప్పు చేసినట్టు అనిపించిందా? పొద్దున్నే లేవగానే వణుకు తగ్గడానికో, తలబరువు పోవడానికో ఒక గుక్క వేశారా? రెండింటికి అవునంటే డాక్టర్‌ని కలవాలి. నాలుగోదానికి అవునంటే, మిగతా మూడింటి సంగతి ఎలా ఉన్నా ఈ వారంలోనే కలవాలి.

బీరు పర్లేదు కదా?

650 మి.లీ. స్ట్రాంగ్ బీరు 8 శాతం ఉంటే అందులో 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్‌లో మూడింట రెండొంతులు. "మందు మానేశాను, రెండు బీర్లే" అనేవాళ్లు నిజానికి పెంచారు.

పిల్లల మీద ఒట్టేశాడు. రేపట్నుంచి చుక్క ముట్టనంటున్నాడు. మంచిదే కదా?

మానాలనుకోవడం మంచిదే. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపేయడం మాత్రం ప్రమాదం. ఈ ఒక్క సంగతి చాలా ఇళ్లల్లో తెలియదు.

ఆల్కహాల్ మెదడుకి బ్రేకు లాంటిది. రోజూ ఆ బ్రేకు పడుతుంటే మెదడు దాన్ని తట్టుకోడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. సింహాచలం ఘాట్ దిగుతూ ఉన్నట్టుండి బ్రేకు వదిలేస్తే ఏమవుతుందో, మందు ఆపిన మెదడుకీ అదే అవుతుంది. చివరి పెగ్గు తర్వాత ఆరు గంటలకి మొదలవుతుంది: చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు, నిద్ర రాకపోవడం. మొదటి రెండు రోజుల్లో ఎప్పుడైనా ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి చలిస్తుంది. లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, సొంత పెళ్లాన్ని గుర్తుపట్టరు, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. దీన్ని డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు.

మన దగ్గర ఇది ఎక్కడెక్కడ బయటపడుతుందో చెప్తాను. మొదటిది అయ్యప్ప మాల. 41 రోజుల దీక్ష కోసం ఎందరో తాగుడు ఆపేస్తారు, అది నిజంగా గొప్ప అవకాశం. కానీ రెండో రోజు స్వామి చేతులు వణికి, మూడో రాత్రి ఏవేవో కేకలు వేస్తూ లేచి పరుగెడితే "నియమం తప్పాడు" అనో "ఆవహించింది" అనో కర్పూరం వెలిగిస్తూ కూర్చుంటారు. వెలిగించండి, ఎవరూ వద్దనరు. ముందు 108కి ఫోన్ చేయండి. రోజూ తాగే మనిషి మాల వేసుకోవాలనుకుంటే పది రోజుల ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి, మందుల సాయంతో ఒంట్లోంచి మందు దిగిపోయాక వేసుకోవడం మేలు. గురుస్వాములు ఈ మాట అడిగితే చాలు, సగం ప్రమాదం తప్పుతుంది.

రెండోది వేట. బోటు పది, పదిహేను రోజులకి సముద్రం మీదికి వెళ్తుంది. తీసుకెళ్లిన సరుకు రెండు రోజుల్లో అయిపోతుంది. మూడో రోజు ఒడ్డుకి చాలా దూరంలో మనిషి ఫిట్స్‌తో పడిపోతే దగ్గర్లో డాక్టరెవరుంటారు?

మూడోది నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది. బండి యాక్సిడెంట్ అయి కాలు విరిగి ఆర్థో వార్డులో చేరతాడు. డాక్టర్ "అలవాట్లేమైనా ఉన్నాయా" అని అడిగితే, పరువు పోతుందని ఇంట్లోవాళ్లు "అబ్బే, ఏం లేవండీ" అంటారు. మూడో రోజు సెలైన్ పీకేసి, కట్టుకట్టిన కాలితో మంచం దిగబోతాడు. తలకి దెబ్బ తగిలిందేమోనని స్కానింగులకి తిప్పుతారు. ఆ ఒక్క అబద్ధం లేకపోతే మొదటి రోజే మాత్ర ఇచ్చి ఉండేవారు. ఏ ఆపరేషన్‌కి వెళ్లినా రోజూ ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో డాక్టర్‌కి చెప్పండి.

అయితే తాగుతూనే ఉండమంటారా అంటే, కాదు. డాక్టర్‌ని కలిసేదాకా ఇంట్లో పంతానికి పోయి సీసా లాక్కోవద్దు అంటున్నాను. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి చలించినవాళ్లు, పచ్చకామెర్లు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో చేరే మానాలి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టొచ్చా?

వద్దు. ఉల్లిపాయ వాసన, నోట్లో చెంచా కూడా వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి, ఎన్ని నిమిషాలు వచ్చిందో చూడండి. ఫిట్స్ వాటంతటవే ఆగినా, మందు మానిన మనిషికి వచ్చిన ఫిట్స్ అయితే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఒకటి వచ్చినచోట రెండోది రావొచ్చు.

మందు మాన్పించే పొడి అమ్ముతున్నారు. కూరలో తెలియకుండా కలిపితే చాలంటున్నారు. కలపమంటారా?

కలపకండి. గోడల మీద, ఆటోల వెనక ఆ ప్రకటనలు అందరం చూస్తూనే ఉన్నాం. ఆ పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు. పసరు మందుల సంగతీ అంతే.

అసలు డాక్టర్లు వాడే ఒక మాత్ర ఉంది, డైసల్ఫిరామ్. దాన్ని వేసుకున్న మనిషి మందు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆ భయంతో తాగకుండా ఉంటాడని ఇస్తారు. ఆ మాత్ర ఆపిన రెండు వారాల దాకా కూడా ఈ ప్రభావం ఉండొచ్చు. మనిషికి అన్నీ వివరించి, ఒప్పుకున్నాకే, గుండె, లివర్ పరీక్షలు చూశాకే మొదలుపెడతారు. అదే మాత్రని సాంబార్లో కలిపి పెట్టారనుకోండి. ఆయనకి తెలియదు. సాయంత్రం మామూలుగానే హాఫ్ తాగుతాడు. గుండె జబ్బున్నవాడైతే ఆ రాత్రే పోవచ్చు. బతికి బయటపడ్డా ఆ ఇంట్లో వండిన అన్నం మళ్లీ నమ్మి తినడు.

చికిత్స అంటే ఏం చేస్తారు? కరెంటు షాకులిస్తారా?

తాగుడు మాన్పించడానికి షాకులివ్వరు. ఈ భయం వల్లే చాలామంది వాల్తేరు మానసిక వైద్యశాల గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు.

మొదటి దశ డీటాక్స్, వారం నుంచి పది రోజులు. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మందులు ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గించుకుంటూ ఆపేస్తారు. దాంతోపాటు బి1 విటమిన్, అంటే థయమిన్, తప్పకుండా ఇస్తారు. ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని మనిషి ఒంట్లో బి1 ఉండదు. అది లేకుండా ఉత్త గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు: నడక తడబడుతుంది, చూపు నిలవదు, ఆ తర్వాత కొందరికి జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. "నీరసంగా ఉన్నాడు, ఒక సెలైన్ పెట్టండి" అని సందు చివర ఆర్‌ఎంపీని పిలిచే అలవాటు మనకుంది. తాగే మనిషి విషయంలో ఆ పని చేయకండి.

రెండో దశ అసలు పని. అది నెలలు, ఏళ్లు పడుతుంది. తాగాలనే యావ తగ్గడానికి అకాంప్రోసేట్, తాగినా కిక్కు తెలియకుండా నాల్ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి. ఎవరికి ఏది పడుతుందో లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టర్ చెప్తారు. కౌన్సెలింగ్ అంటే నీతులు చెప్పడం కాదు. జీతం రోజు ఏ దారిలో ఇంటికొస్తావు, ఆ దారిలో వైన్ షాపు ఉందా, పెళ్లిలో బావమరిది గ్లాసు చేతికిస్తే ఏమంటావు, ఇలాంటివి ముందే కూర్చుని అనుకోవడం. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల సమావేశాలు కొందరికి బాగా పనిచేస్తాయి, అక్కడ ఫీజు లేదు, పేరూ అడగరు.

ఇదంతా మనసు గట్టిగా లేకపోవడమే కదా? మా నాన్న ఒక్క మాట మీద మానేశాడు.

మీ నాన్నగారు మానేశారంటే సంతోషం. తాగే అందరికీ వ్యసనం పట్టుకోదు. ఎవరికి పడుతుందనే దాంట్లో దాదాపు సగం పాత్ర వంశపారంపర్యానిదని కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు చెప్తాయి. మిగతా సగం ఏ వయసులో మొదలెట్టారు, ఇంట్లో, పనిలో ఏం జరుగుతోంది, సరుకు ఎంత దగ్గర్లో దొరుకుతోంది అన్నవి. ఒకసారి వ్యసనం స్థిరపడ్డాక మెదడులో కోరికని నడిపే భాగం, ఆగమని చెప్పే భాగం రెండూ మారతాయి. అందుకే పొద్దున్న నిజాయతీగా ఏడ్చి ఒట్టేసినవాడే సాయంత్రం షాపు ముందుంటాడు. పొద్దున్న వేసిన ఒట్టు అబద్ధం కాదు.

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఢిల్లీ ఎయిమ్స్‌తో చేయించిన దేశవ్యాప్త సర్వే బయటికొచ్చింది. మందుకి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అందులో తేలింది. మిగతా 37 మంది ఇళ్లల్లో ఒట్లు, తగాదాలు, పసరు మందులే నడుస్తున్నాయి.

పీకలదాకా తాగి స్పృహ లేకుండా పడిపోయాడు. మజ్జిగ పోయాలా, నిమ్మకాయ పిండాలా?

రెండూ వద్దు. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించకండి, చన్నీళ్లు కుమ్మరించకండి. ఎడమ పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టి, ఎవరో ఒకరు పక్కనే ఉండండి. ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్లు చల్లబడినా, పెదాలు నీలంగా మారినా, గిల్లినా ఉలకకపోయినా 108. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడే మనిషి ఖాళీ కడుపుతో తాగితే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. "తాగి పడుకున్నాడులే" అని వదిలేస్తే తెల్లారేసరికి ఉండడు.

నాటు సారా, కల్లు సహజమైనవి కదా?

పొద్దున్నే దించిన తాటికల్లు, ఏజెన్సీలో జీలుగు కల్లు తక్కువ మత్తువే. అయినా ఆల్కహాలే, ఎండ ఎక్కేకొద్దీ ఇంకా పులుస్తుంది. చిక్కటి కల్లని చెప్పి నిద్రమాత్రల పొడి కలిపి అమ్మే చోట్లు ఉన్నాయి. ఆ కల్లు నాలుగు రోజులు దొరక్కపోతే మనుషులు పిచ్చెక్కినట్టు ప్రవర్తించడం, ఫిట్స్ రావడం అందుకే. సారాలో ఏం కలిపారో కాచినవాడికి తప్ప తెలియదు. మిథనాల్ కలిసిందంటే తాగిన పన్నెండు గంటల నుంచి ఒక రోజు తర్వాత చూపు మసకబారుతుంది, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. హ్యాంగోవర్ అనుకుని పడుకుంటే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. సమయానికి వెళ్తే డయాలిసిస్‌తో కాపాడొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి జనం చనిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది.

మా అబ్బాయి ఇంజనీరింగ్. గది దులుపుతుంటే గంజాయి దొరికింది. మొక్కే కదమ్మా, సిగరెట్ కంటే నయం అంటున్నాడు.

ముందు మీరు కాస్త నిమ్మళించండి. ఒక పొట్లం దొరికినంత మాత్రాన బిడ్డ చేయి దాటిపోయినట్టు కాదు. బీచ్ రోడ్డులో ఫ్రెండ్స్‌తో ఎప్పుడో ఒకసారి లాగడం వేరు, పొద్దున్న లేవగానే కావాల్సి రావడం వేరు. ఆ తేడా తెలుసుకోవాలంటే అరవకుండా అడగాలి.

గంజాయిలో మత్తునిచ్చేది టీహెచ్‌సీ అనే పదార్థం. వాడినవాళ్లలో పది మందిలో ఒకరు దానికి బానిసలవుతారు. పద్దెనిమిది లోపు మొదలెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరు. మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి చదువు, జ్ఞాపకం, ఏకాగ్రత మొదట దెబ్బతింటాయి. అంతకంటే నన్ను భయపెట్టేది మరొకటి. ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న కుటుంబాల్లో పిల్లలకి గంజాయి ఆ జబ్బుని ముందే తట్టి లేపుతుంది. "నన్ను ఎవరో ఫాలో అవుతున్నారు", "ఫోన్‌లో నా మాటలు వింటున్నారు" అని తలుపులేసుకుని కూర్చుంటే అది పరీక్షల టెన్షన్ కాదు, ఆ రోజే సైకియాట్రిస్టుకి చూపించాలి. రోజూ వాడే కొందరికి ఆగని వాంతులు వస్తాయి, వేణ్నీళ్లు పోసుకుంటే మాత్రం తగ్గుతాయి. గ్యాస్ట్రిక్ అని ఎన్ని ఎండోస్కోపీలు చేసినా కారణం దొరకదు.

మానేస్తే చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం రెండు వారాలు ఉంటాయి. మందు మానేటప్పుడు ఉండేలాంటి ప్రాణభయం లేదు.

పోలీసులకి దొరికితే ఏమవుతుంది?

ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల చట్టం 1985 నాటిది, జామీను విషయంలో చాలా గట్టిది. గంజాయికి కిలో లోపు చిన్న మొత్తం: ఏడాది దాకా జైలు లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. కిలోకీ 20 కిలోలకీ మధ్య అయితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే కమర్షియల్: పదేళ్లకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, కనీసం లక్ష జరిమానా, బెయిలు దొరకడం మహా కష్టం. ఇప్పుడు కుర్రాళ్ల మధ్య తిరుగుతున్న లిక్విడ్ గాంజా, అంటే హషీష్ ఆయిల్, చట్టం దృష్టిలో చరస్ కింద లెక్క. దానికి 100 గ్రాములకే చిన్న మొత్తం కాకుండా పోతుంది, కిలో దాటితే కమర్షియల్. ఎండీఎంఏ అనే పార్టీ డ్రగ్‌కి ఆ రెండు హద్దులు అర గ్రాము, పది గ్రాములు.

మన జిల్లా పక్కనే ఏజెన్సీ ఉండటం వల్ల ఇక్కడి కుర్రాళ్లకి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికించారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అయినా సరుకు కిందికి దిగుతూనే ఉంది. దాన్ని దించడానికి బైకులున్న కుర్రాళ్లు కావాలి. "నువ్వు సరుకు ముట్టుకోనక్కర్లేదు, ముందు బండి మీద వెళ్లి చెక్‌పోస్టులో పోలీసులున్నారో లేదో ఫోన్ చేయి చాలు" అంటారు. దాన్నే పైలటింగ్ అంటున్నారు. కుట్రలో భాగమైతే సరుకు మోసినవాడికి పడే శిక్షే వాడికీ పడుతుంది, బండీ పోతుంది. ఈ ఒక్క ముక్క మీ అబ్బాయికి చెప్పండి. ఆరోగ్యం గురించి చెప్తే వినని కుర్రాళ్లు దీనికి వింటారు.

వాడకం మానడానికి తనంతట తాను ముందుకొచ్చే మనిషికి చట్టంలో రక్షణ ఉంది. సెక్షన్ 64ఎ ప్రకారం, సొంతంగా వాడినందుకో, చిన్న మొత్తం దగ్గరున్నందుకో కేసు ఎదుర్కొంటున్న బానిస గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స కోరి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పోలీసులకి పట్టిస్తారని భయపడకండి.

మాత్రలు, ఇంజెక్షన్లు?

నొప్పికని మొదలై మత్తుకి మారేవి ట్రమడాల్, టాపెంటడాల్ మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు. ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ కిందికి వచ్చింది. ఒకే సూది నలుగురు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ వస్తాయి. మోతాదు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది, దానికి నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది, కాబట్టి ఏం తీసుకున్నాడో డాక్టర్‌కి దాచకండి. ఈ రకం వ్యసనానికి బ్యుప్రెనార్ఫిన్‌తో మంచి చికిత్స ఉంది. ఆల్ప్రజోలాం లాంటి నిద్రమాత్రలు ఏళ్లుగా వేసుకునేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు, వాటినీ ఒక్కసారిగా ఆపకూడదు. తాగుడు ఒక్కసారిగా ఆపినప్పటిలాగే ఫిట్స్ రావొచ్చు. స్కూలు పిల్లల బ్యాగులో వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ ట్యూబులు, రసాయనం వాసనేసే జేబురుమాలు కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. పీల్చిన మొదటిసారే గుండె ఆగిన పిల్లలున్నారు.

మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది. ఈ వయసులో మాన్పించాలా?

చుట్ట వెలిగిన కొన నోట్లో పెట్టుకుని తాగడం మన ఉత్తరాంధ్ర తీరం ఆడవాళ్లలో తరాలుగా ఉన్న అలవాటు. ఈ మంట నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి క్యాన్సర్ మన వైపు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదేనని విశాఖ డాక్టర్లే దశాబ్దాల కిందట పరిశోధించి రాశారు. మాన్పించగలిగితే మంచిది, కానీ ముందు ఒకసారి నోరు తెరిపించి టార్చిలైటు వేసి అంగిలి చూడండి. తెల్లటి మచ్చలు, ఎర్రటి చుక్కలు, మానని పుండు ఉంటే డెంటిస్టుకి చూపించండి. పొగాకు మానడానికి ఉచిత ఫోన్ నంబరు 1800 11 2356.

ప్రైవేటు సెంటర్లో కట్టేసి కొడతారంట కదా?

అన్నిచోట్లా కాదు, కానీ కొన్నిచోట్ల జరుగుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం, మత్తు వ్యసనాల వల్ల వచ్చే సమస్యలూ వస్తాయి. గొలుసులతో కట్టేయడం నేరం. సెంటర్‌కి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. చేర్చేముందు నాలుగు అడగండి: రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మేం ఎప్పుడు కలవొచ్చు. "మూడు నెలలు ఫోన్ కూడా చేయొద్దు, మాకు వదిలేయండి" అంటే అక్కడినుంచి వచ్చేయండి. అర్ధరాత్రి వ్యాన్ వేసుకొచ్చి మనిషిని ఎత్తుకెళ్తామనేవాళ్లనీ నమ్మకండి.

ఆర్నెల్లు బాగున్నాడు. మేనల్లుడి పెళ్లిలో మళ్లీ మొదలెట్టాడు. ఇక లాభం లేదా?

బీపీ, షుగర్ మళ్లీ పెరిగితే మందు మార్చుకుంటాం, మనిషిని వదిలేయం. ఇదీ అలాంటి దీర్ఘకాలం జబ్బే. ఆర్నెల్లు మానగలిగాడన్నది నిజం, ఆ ఆర్నెల్లలో లివర్ కొవ్వు కూడా తగ్గి ఉంటుంది. పెళ్లిలో ఏ క్షణంలో జారాడో కనుక్కుని డాక్టర్‌కి చెప్పండి, అదే పనికొచ్చే సమాచారం. ఒక హెచ్చరిక: చాలాకాలం మానినవాడి ఒళ్లు పాత మోతాదు తట్టుకోలేదు. మాల తీసిన రాత్రి పాత లెక్కలో తాగి ఆసుపత్రి పాలయ్యేవాళ్లు అందుకే ఉంటారు. నొప్పి ఇంజెక్షన్లు వాడేవాళ్లకైతే ఆ మొదటి డోసే చివరిది కావొచ్చు.

నేనేం చేయాలి? తిట్టాలా, ఊరుకోవాలా?

తాగి ఉన్నప్పుడు ఏమీ మాట్లాడకండి, గోడకి చెప్పినట్టే. పొద్దున్న కాఫీ తాగే వేళ, పిల్లలు లేనప్పుడు, జరిగిందొక్కటే చెప్పండి: "రాత్రి గ్యాస్ ఆపడం మర్చిపోయావు", "పాప నిన్ను చూసి మంచం కిందికి దూరింది." ఆయన బదులు ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పడం, బెల్టు షాపు బాకీ మీరు తీర్చడం మానేయండి. ఆయన తాగుడుకి కారణం మీరు కాదు, మీ వంటా కాదు, మీరు పుట్టింటికి వెళ్లడమూ కాదు. కొడితే ఇది తాగుడు సమస్య మాత్రమే కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. కుంగిపోయి నిద్ర పట్టకపోతే మీరు కూడా డాక్టర్‌ని కలవొచ్చు, ఆయన రానని భీష్మించినా సరే.

ఎక్కడికి వెళ్లాలి?

ప్రాణాపాయమైతే 108, లేదా నేరుగా కేజీహెచ్ క్యాజువాలిటీ. మాన్పించే చికిత్సకి వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీ. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 14446 జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), తెలుగులోనే మాట్లాడతారు. గంజాయి, డ్రగ్స్ అమ్మకాల సమాచారం ఇవ్వాలంటే రాష్ట్రంలోని ఈగల్ విభాగం నంబరు 1972.

ఆ రోజు ఏం తీసుకెళ్లాలి?

ఆధార్ కార్డు, పాత ఆసుపత్రి కాగితాలు, ఇంట్లో వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ (బీపీ, షుగర్, నిద్రమాత్రలు, పసరు మందు ఉంటే ఆ సీసా కూడా). ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, ఇడ్లీయో జావో పెట్టండి. "తాగకుండా వస్తేనే తీసుకెళ్తా" అని ముందురోజు నుంచి ఆపించకండి, దారిలోనే ఫిట్స్ రావచ్చు. బండి మీద వెనక కూర్చోబెట్టుకోవద్దు, ఆటో మాట్లాడుకోండి, తోడు ఇంకొకర్ని తీసుకెళ్లండి. ఒక చీటీ మీద మూడు సంగతులు రాసిపెట్టుకోండి: రోజుకి ఎంత, ఎన్నేళ్లుగా, చివరి గ్లాసు ఏ రోజు ఎన్ని గంటలకి. ఓపీ డాక్టర్ మొదట అడిగేది మూడోదే.